వెయ్యి ముగ్గులు, ఒకటే కోడ్: జనరేటివ్ ఆర్ట్ అమ్మకంలో ఎక్కడ తప్పుతుంది

మెలికల ముగ్గు వేసేవాళ్లకు ఒక పట్టింపు ఉంటుంది. చుక్కలన్నీ చుట్టేశాక గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి, మధ్యలో చెయ్యి ఎత్తకూడదు. 5 చుక్కలు 7 వరుసలు పెడితే ఇది దానంతటదే కుదురుతుంది. 6కి 6 పెడితే కుదరదు, ఆరు వేర్వేరు మెలికలు పడతాయి. గీత ప్రతి రెండు చుక్కల మధ్యా ఏటవాలుగా దాటుతూ, అంచు తగిలిన చోట మళ్లుతూ పోతే, మొత్తం మెలికల సంఖ్య అడ్డం చుక్కల, నిలువు చుక్కల గ.సా.భా. అవుతుంది. 5, 7లకు అది 1. 6, 6లకు 6. అంతే సంగతి.

ఈ లెక్కకూ చెన్నైకీ పాత చుట్టరికమే. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాల నుంచి గిఫ్ట్ సిరోమనీ, ఆయన సహచరులు 1974లోనే ముగ్గుని కంప్యూటర్ వ్యాకరణంగా రాసి అంతర్జాతీయ పత్రికలో వ్యాసం వేశారు. ఇప్పుడు అదే ఊళ్లో, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు మీద పగలంతా జావాస్క్రిప్ట్ రాసి సాయంత్రం వేళచేరి గదికి చేరే తెలుగు కుర్రాడికి, ముగ్గుని కోడ్‌గా రాసి క్రిప్టో మార్కెట్లో అమ్మొచ్చు కదా అన్న ఆలోచన రావడం సహజం. ఇలా కోడ్ గీసే బొమ్మనే జనరేటివ్ ఆర్ట్ అంటారు. కోడ్ వరకు ఇది తేలిక పనే. చిక్కంతా కోడ్ రాశాక మొదలవుతుంది.

ముందు, అమ్మేది ఏమిటో తేల్చుకోవాలి. 2019 ఏప్రిల్‌లో లార్వా ల్యాబ్స్ అనే సంస్థ, కోడ్ గీసిన 512 ఆటోగ్లిఫ్స్ బొమ్మలతో ఈ దారి చూపింది. 2020 నవంబర్‌లో మొదలైన ఆర్ట్ బ్లాక్స్ అనే సైట్ దాన్ని పద్ధతిగా స్థిరపరిచింది. 2021 నవంబర్‌లో టెజోస్ అనే బ్లాక్‌చైన్ (అందరూ చూడగల లావాదేవీల చిట్టా, కింద గొలుసు అన్నది ఇదే) మీద వచ్చిన ఎఫ్ఎక్స్‌హాష్ ఎవరైనా వచ్చి పెట్టుకునేలా తలుపులు తీసింది. ఈ చివరి రెండింటిలో కొనేవాడు బొమ్మ చూసి కొనడు. మింట్ (కొత్త టోకెన్‌ని, అంటే బొమ్మకి గొలుసు మీది హక్కు పత్రాన్ని, పుట్టించడం) నొక్కగానే ఒక హాష్, అంటే ముందుగా ఊహించలేని పొడవాటి సంఖ్య, పుడుతుంది. ఆర్ట్ బ్లాక్స్‌లో దాన్ని కాంట్రాక్ట్ (గొలుసు మీద నడిచే ప్రోగ్రాం) పుట్టిస్తుంది: 32 బైట్లు, 64 హెక్స్ అంకెలు. ఆ హాష్‌ని సీడ్‌గా, అంటే విత్తనంలాంటి తొలి సంఖ్యగా, తీసుకుని కోడ్ నడిస్తే బొమ్మ వస్తుంది. అది ఎలా ఉందో కళాకారుడికి తెలిసేది కూడా కొన్నవాడితో పాటే. కాబట్టి వంద నమూనాల్లోంచి ఏరి ట్విటర్లో పెట్టిన ఒక్క అందమైన బొమ్మకు ఇక్కడ విలువ తక్కువ. 256 ఎడిషన్లు (ఒకే కోడ్ నుంచి వచ్చే విడి బొమ్మలు) అమ్మితే, అందులో అన్నిటికన్నా చెత్తగా వచ్చినదాన్ని ఎవరో ఒకరు డబ్బిచ్చి కొంటారు. ప్రాజెక్టు పేరు నిలబడేదీ పోయేదీ దాని మీదే.

7కి 7 మెలికల ముగ్గుని తీసుకుందాం. పక్కపక్క చుక్కల జంటలు అడ్డంగా 42, నిలువుగా 42, మొత్తం 84. ప్రతి జంట మధ్యా గీతలు మూడు రకాలుగా నడవొచ్చు: ఒకదాన్నొకటి దాటొచ్చు, రెండు చుక్కల్నీ విడదీస్తూ పక్కకు మళ్లొచ్చు, లేదా రెండు చుక్కల్నీ ఒకే కడుపులో కలుపుకుంటూ మళ్లొచ్చు. 84 చోట్ల మూడేసి అవకాశాలంటే 3ని 84 సార్లు గుణించినంత, 40 సున్నాల సంఖ్య. అందులో చూడదగ్గవి బహు కొద్ది. యథాలాపంగా ఎంచితే ఒక్కో చుక్క చుట్టూ సున్నా చుట్టినట్టు తునకలు తునకలుగా వస్తుంది.

ఒంటిగీత రావాలంటే దారి ఇది. మొదట 84 చోట్లా దాటనివ్వాలి. 7 మెలికలు వస్తాయి. ఒక్కో మెలికకూ ఒక గుర్తు సంఖ్య వేయాలి. తర్వాత సీడ్ ప్రకారం కలగలిపిన వరుసలో ఒక్కో కూడలి దగ్గరికి వెళ్లి, అక్కడ దాటే రెండు గీతలూ వేర్వేరు మెలికలవైతే ఆ దాటుడు తీసేసి మళ్లింపు పెట్టాలి. ఎటు మళ్లించినా ఆ రెండు మెలికలూ ఒకటైపోతాయి. ఆరుసార్లు ఇలా చేస్తే మొత్తం ఒకే గీత. ఆ తర్వాత వైవిధ్యం కోసం ఇంకొన్ని కూడళ్లు మార్చుకోవచ్చు, కానీ ఇప్పుడు జాగ్రత్త: ఒకే గీత తనని తాను దాటే చోట రెండు మళ్లింపుల్లో ఒకటి గీతని అలాగే ఉంచుతుంది, రెండోది రెండు ముక్కలు చేస్తుంది. ఏది ఏమిటో ఊహించక్కర్లేదు. గీత వెంట ఒక చుట్టు నడిచి చూస్తే చాలు, 168 అడుగులు, ఫోన్లో కూడా రెప్పపాటు పనే.

నాలుగు వైపులా సౌష్ఠవం కావాలంటే మాత్రం కథ మారుతుంది. ఒక చోట మార్పు పెడితే నాలుగు చోట్లా పడుతుంది, మెలికలు ఒక్కొక్కటిగా తగ్గవు, చాలా సీడ్లకు ఒంటిగీత అసలు దొరకదు. "దొరికేదాకా తిరుగు" అని లూప్ రాసేస్తే ఏదో ఒక హాష్‌కి బ్రౌజర్ బిగుసుకుపోతుంది, కొన్నవాడికి తెల్ల కాగితం మిగులుతుంది. 50 ప్రయత్నాలకు పరిమితి పెట్టి, అప్పటికీ రాకపోతే రెండు మెలికల ముగ్గుని ఒక రకంగా ఒప్పుకోవడం మేలు. ఆ రకానికి ఫీచర్ల (బొమ్మ లక్షణాల) జాబితాలో ఒక పేరు కూడా పెట్టుకోవచ్చు.

అదే హాష్‌కి అదే బొమ్మ

ఈ రంగంలో పరువు తీసే తప్పు ఒకటుంది: ఇవాళ ఒకలా, రేపు మరొకలా వచ్చే బొమ్మ. ఇందుకు మొదటి నిందితుడు జావాస్క్రిప్ట్‌లో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఫంక్షన్ మ్యాథ్.ర్యాండమ్. దానికి సీడ్ ఇచ్చే వీలు లేదు. కనుక హాష్ నుంచి సొంత యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ కట్టుకోవాలి. ఆర్ట్ బ్లాక్స్ వాళ్లలో చాలామంది వాడేది ఎస్ఎఫ్‌సీ32 అనే జనరేటర్, ఎఫ్ఎక్స్‌హాష్ తన ఫంక్షన్ తానే ఇస్తుంది. బొమ్మలు గీసే లైబ్రరీ పి5.జేఎస్ వాడేవాళ్లు ర్యాండమ్ సీడ్ పెట్టి, నాయిజ్ (మెత్తటి యాదృచ్ఛిక తేడాలిచ్చే ఫంక్షన్) సీడ్ మరచిపోతుంటారు. పి5లోని నాయిజ్ ఫంక్షన్ సీడ్ లేకపోతే తన పట్టికని మ్యాథ్.ర్యాండమ్‌తోనే నింపుకుంటుంది. గీతలన్నీ సరిగ్గా ఉండి నాయిజ్‌తో చూపిన ముగ్గుపిండి రాలిన తీరు మాత్రం ప్రతి రిఫ్రెష్‌కీ మారుతుంటే దోషం అక్కడే వెతకాలి.

సీడ్ తీసే తీరులోనూ మోసముంది. 64 అంకెల హాష్‌లో మొదటి నాలుగింటినే తీసుకుని సంఖ్యగా మార్చే కోడ్ చాలాచోట్ల కనిపిస్తుంది. నాలుగు హెక్స్ అంకెలంటే 65,536 సీడ్లే. 1,000 ఎడిషన్లు అమ్మితే అచ్చంగా ఒకేలా ఉండే జంటలు ఏడెనిమిది రావడం ఖాయం అనుకోవచ్చు. 256కే అమ్మినా కనీసం ఒక జంట వచ్చే అవకాశం దాదాపు 39 శాతం. పరీక్షలో పది బొమ్మలు చూసినప్పుడు ఇది కంటపడదు. 32 అంకెలు తీసుకుని నాలుగు 32 బిట్ల సంఖ్యలుగా విడగొట్టి జనరేటర్‌కి ఇస్తే బాధ తీరుతుంది.

అన్నిటికన్నా తెలివైనవాళ్లని కూడా బోల్తా కొట్టించేది వరుస. పిండి రేణువుల్ని చల్లడానికి కాన్వాస్ వైశాల్యాన్ని బట్టి సంఖ్య నిర్ణయించారనుకుందాం. 600 పిక్సెళ్ల కిటికీలో 20,000 రేణువులు, పెద్ద తెరలో 80,000. ఒక్కో రేణువూ జనరేటర్‌ని రెండుసార్లు పిలుస్తుంది. ఆ తర్వాత రంగు ఎంచుకునే వంతు వచ్చేసరికి రెండు తెరల్లోనూ జనరేటర్ వేర్వేరు చోట్ల ఉంటుంది. ఫోన్లో కావి రంగు అంచు, లాప్‌టాప్‌లో తెల్ల అంచు. నిర్మాణానికి ఒక జనరేటర్, రేణువులకు ఇంకొకటి, రెండూ ఒకే హాష్‌లోని వేర్వేరు సగాల నుంచి పెట్టుకుంటే ఒకదాని ఎంగిలి ఇంకొకదానికి అంటదు. కొలతలన్నీ కాన్వాస్ చిన్న వైపుని 1,000 భాగాలు చేసిన యూనిట్లలో రాయాలి. గీత మందం 3 పిక్సెళ్లు అని రాస్తే చిన్న తెర మీద లావుగా, ముద్రణలో వెంట్రుకలా వస్తుంది.

మరికొన్ని గోతులు. వరుసని కలగలపడానికి సార్ట్ ఫంక్షన్‌లో ర్యాండమ్ పెట్టడం ఒకటి: ఎన్నిసార్లు పోల్చాలో బ్రౌజర్ ఇంజన్ ఇష్టం, కాబట్టి క్రోమ్‌లో ఒక వరుస, సఫారీలో ఇంకొకటి. ఫిషర్-యేట్స్ పద్ధతి నాలుగు లైన్లు, అదే వాడాలి. సైన్, కొసైన్ విలువల చివరి బిట్లు బ్రౌజర్‌ని బట్టి తేడా పడొచ్చు. గళ్ల మీద నడిచే ముగ్గుకి దానితో పని లేదు గానీ, వేల అడుగులు ప్రవహించే గీతలకు ఆ చిన్న తేడాయే పెరిగి దారి మార్చేస్తుంది. కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంట్‌ని నమ్ముకుని అక్షరాలు గీయడం గురించి చెప్పేదేముంది. ఆ ఫాంట్ లేని మెషీన్లో డబ్బాలు వస్తాయి.

అందుకే పరీక్ష బొమ్మలు పదీ ఇరవై చాలవు. తెర లేకుండా నడిచే క్రోమ్‌తో రాత్రికి రాత్రి 1,000 హాష్‌లకు బొమ్మలు తీయించి, 300 పిక్సెళ్ల సైజులో 20 నిలువులు 50 వరుసలుగా ఒకే షీట్ మీద పరచాలి. ఆ షీట్‌లో అందమైనవి కాకుండా ఏవగింపు కలిగించే యాభై ఏరాలి. ఆ యాభైలోనూ సాధారణంగా రెండు మూడు కారణాలే తిరుగుతుంటాయి: పాలిపోయిన రంగుల జత, మరీ ఒత్తుగా పడిన చుక్కలు, ఒక పక్కకి ఒరిగిన బరువు. వాటిని సరిచేసి మళ్లీ వెయ్యి. నాలుగైదు విడతలు అవసరమవుతాయి. తర్వాత 50 హాష్‌లని మూడు బ్రౌజర్లలో, రెండు సైజుల్లో, పిక్సెల్ డెన్సిటీ 1కీ 2కీ నడిపి చూడాలి. పిక్సెళ్లు పోల్చనక్కర్లేదు, గీత నడిచిన క్రమం ఒకటేనా అన్నది పోలిస్తే చాలు. 4,000 పిక్సెళ్ల చదరపు కాన్వాస్ ఒక్కటే 64 మెగాబైట్లు తింటుందని, చవక ఫోన్లు అక్కడే చేతులెత్తేస్తాయని కూడా అప్పుడే తెలుస్తుంది.

అరుదైన ఫీచర్ల విషయంలో చిన్న లెక్క. బంగారు అంచుకి 1 శాతం అవకాశం పెట్టి 256 ఎడిషన్లు వదిలితే, ఒక్కటీ రాకుండా పోయే అవకాశం 7.6 శాతం. అర శాతం పెడితే అది 28 శాతానికి పోతుంది. ప్రకటనలో బంగారు ముగ్గు గురించి ఊదరగొట్టి, చివరికి ఒక్కటీ పుట్టకపోతే ఎవరికి చెప్పుకుంటారు? పైగా హాష్ అదే లావాదేవీలో తెలిసిపోయేలా ఉంటే, బాట్ (తనంతట తానే కొనే ప్రోగ్రాం) రాసినవాడు మింట్ చేసి, నచ్చకపోతే లావాదేవీని వెనక్కి తిప్పి, మళ్లీ మింట్ చేస్తాడు. 2021 మేలో మీబిట్స్ అనే బొమ్మల అమ్మకంలో జరిగింది ఇదే తరహా. మింట్‌కి, హాష్ బయటపడటానికి మధ్య ఒకటి రెండు బ్లాకుల (గొలుసులో చేరే లావాదేవీల కట్టల) ఎడం ఉంచాలి.

గొలుసు మీద చోటు, దాని ఖరీదు

కోడ్‌ని ఐపీఎఫ్ఎస్ అనే ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్‌లో పెట్టడం చవక. కానీ దాన్ని ఎవరో ఒకరు పిన్ చేసి, అంటే తమ దగ్గర కాపీ ఉంచి, నిలబెట్టాలి. 2021 నవంబర్‌లో డిజిటల్ బొమ్మలు అమ్మే హిక్ ఎట్ నంక్ వెబ్‌సైట్ ఉన్నపళంగా మూతపడ్డప్పుడు బొమ్మలు బతికి బట్టకట్టింది అభిమానులు అద్దం సైట్లు పెట్టి ఫైళ్లు కాపాడినందుకే. ఈథీరియం అనే బ్లాక్‌చైన్ (దాని నాణెం ఈథర్) మీదే కోడ్ ఉంచాలంటే బైటుకి లెక్క కట్టాలి. మామూలు స్టోరేజ్‌లో 32 బైట్ల గడికి దాదాపు 22,100 గ్యాస్, అంటే పనిని కొలిచి రుసుం వేసే యూనిట్లు. అదే డేటాని కాంట్రాక్ట్ బైట్‌కోడ్ రూపంలో పెడితే బైటుకి 200, పంపినందుకు ఇంకో 16. కుదించిన ముగ్గు కోడ్ 6 కిలోబైట్లు అనుకుంటే మొదటి దారిలో 42 లక్షల గ్యాస్, రెండో దారిలో స్థిర రుసుములు కలిపి సుమారు 13.8 లక్షలు. ఒక కాంట్రాక్ట్‌లో పట్టేది 24,576 బైట్లే కనుక పెద్ద కోడ్‌ని ముక్కలు చేయాలి. పి5 లైబ్రరీని మొత్తంగా ఎక్కించడం చాలా ఖరీదు. ముగ్గుకి కావాల్సినవి వంపులు, చుక్కలు, అంతే. వాటికి బ్రౌజర్‌లోని కాన్వాస్ చాలు.

ఈథర్ 2,50,000 రూపాయలు అనుకుని లెక్కేస్తే, ఆ 13.8 లక్షల గ్యాస్‌కి యూనిట్‌కి 2 గ్వెయ్ (ఈథర్‌లో వంద కోట్లో వంతు) ధర ఉన్నప్పుడు ఖర్చు 690 రూపాయలు. 40 గ్వెయ్ ఉన్నప్పుడు 13,800. అమెరికా నిద్రలో ఉండే మన పగటిపూట సాధారణంగా రద్దీ తక్కువ. మన రాత్రి భోజనాల వేళ అక్కడ పొద్దున, రేటు ఎగిరేది అప్పుడే. అయినా ముందు టెస్ట్‌నెట్‌లో, అంటే అసలు డబ్బు లేని పరీక్ష గొలుసులో, పూర్తిగా ఒకసారి నడిపి చూడకుండా అసలు గొలుసు తాకకూడదు. ఎక్కించిన కాంట్రాక్ట్‌లో తాళం వేశాక తప్పు కనబడితే దిద్దే దారి లేదు. కాంట్రాక్ట్ పెట్టే వాలెట్ (క్రిప్టో ఖాతా) వేరు, రోజూ సైట్లకు కలిపే వాలెట్ వేరుగా ఉంచుకోవాలి. మన టోకెన్లన్నీ కదిలించే హక్కిచ్చే సెట్ అప్రూవల్ ఫర్ ఆల్ అనే అనుమతికి తెలియని సైట్‌లో సంతకం పెట్టడమంటే ఇంటి తాళాలు ఇచ్చి రావడమే.

ధర దగ్గర తొందరపాటు ఎక్కువ. 2021 ఆగస్టులో కళాకారుడు టైలర్ హాబ్స్ కోడ్ గీసిన ఫిడెంజాల్లో 313 నంబరు బొమ్మ వెయ్యి ఈథర్లకు, డిమిట్రీ చెర్నియాక్ రింగర్స్‌లో 879 నంబరు బొమ్మ పద్దెనిమిది వందల ఈథర్లకు పోయాయి. రెండోది 2023 జూన్‌లో సదబీస్ వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. ఈ సంఖ్యలు చూసి గుండె ఝల్లుమంటుంది గానీ, అవి చేతులు మారిన అమ్మకాలు. ఆ సొమ్ము యజమానిది, కళాకారుడిది కాదు. కళాకారుడికి వచ్చేది రాయల్టీ, అంటే మళ్లీ అమ్మినప్పుడు దక్కే వాటా. ఈథీరియం కాంట్రాక్టుల ఈఆర్‌సీ-2981 ప్రమాణం ఎంత రాయల్టీ ఇవ్వాలో చెబుతుంది తప్ప ఇప్పించదు. 2022 చివర్లో బ్లర్ అనే టోకెన్ల మార్కెట్ వచ్చాక రాయల్టీ తగ్గించే పోటీ ముదిరింది, 2023 ఆగస్టులో ఓపెన్‌సీ అనే మార్కెట్ కూడా రాయల్టీని అమ్మేవాడి ఇష్టానికి వదిలేస్తున్నట్టు ప్రకటించింది. కనుక బడ్జెట్‌లో రాయల్టీ పద్దు సున్నా అని రాసుకోవడమే క్షేమం. వస్తే వచ్చింది.

ఒకే ధరకు పెడితే బాట్లు గ్యాస్ పెంచుకుంటూ క్షణాల్లో ఊడ్చేస్తాయి. డచ్ వేలంలో ధర పైనుంచి, ఉదాహరణకు 0.08 ఈథర్ నుంచి, ప్రతి ఐదు నిమిషాలకూ దిగుతూ 0.01 దగ్గర ఆగుతుంది. ముందే కొన్నవాడికి తర్వాత తక్కువకు పోయిందని కడుపుమంట ఉంటుంది కనుక, అందరికీ చివరి ధరే వర్తించేలా తేడా వెనక్కిచ్చే కాంట్రాక్టులు వచ్చాయి. ఇక ఎడిషన్ల సంఖ్య: పేరు లేనివాళ్లు 1,000 పెట్టి 140 దగ్గర ఆగిపోవడం కన్నా 64 పెట్టి అమ్ముడుపోవడం మంచిది. ముగ్గు అనగానే "వేల ఏళ్ల ప్రాచీన గణితం" అని వివరణ రాయాలని చెయ్యి దురదపెడుతుంది. గ.సా.భా. కథ దానికన్నా ఆసక్తికరం, పైగా నిజం.

పన్ను

అసలు నష్టం చాలామందికి ఇక్కడ జరుగుతుంది. 2022 ఏప్రిల్ నుంచి మన దేశంలో వర్చువల్ డిజిటల్ ఆస్తి (క్రిప్టో, ఇలాంటి టోకెన్లు) అమ్మిన లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు, గ్యాస్ కూడా. ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకోనివ్వరు. 2022 జూలై నుంచి 1 శాతం టీడీఎస్ అదనం. కళాకారుడు తానే చేసి మొదటిసారి అమ్మింది ఈ గూట్లోకి వస్తుందా, వృత్తి ఆదాయంగా స్లాబు ప్రకారం చూపొచ్చా అన్నదాని మీద ఆడిటర్లలోనే రెండు మాటలున్నాయి. ఏదో ఒకటి ఎంచుకుని ఏటా దానికే కట్టుబడాలి.

ఏ మాట పట్టుకున్నా ఒక ఉచ్చు మాత్రం ఉంది. 100 ఎడిషన్లు 0.01 చొప్పున అమ్మి 1 ఈథర్ వచ్చిందనుకుందాం. వచ్చిన రోజు విలువ 2,50,000. ఆదాయం అదే, 31.2 శాతం లెక్కన పన్ను 78,000. ఇంకా పెరుగుతుందిలే అని ఈథర్‌ని వాలెట్‌లోనే ఉంచితే, మార్చిలో అది 1,50,000కి పడింది. అమ్మితే లక్ష నష్టం, కానీ ఆ నష్టం దేనికీ అక్కరకు రాదు. పన్ను 78,000 అలాగే ఉంది, చేతిలో మిగిలింది 72,000. పన్నుకి సరిపడా భాగాన్ని అమ్మిన వారంలోనే రూపాయల్లోకి మార్చి పక్కన పెడితే ఈ బాధ ఉండదు. ఈథర్‌ని డాలర్ విలువకు కట్టిన డాలర్ కాయిన్ అనే క్రిప్టోలోకి మార్చడం కూడా అమ్మకం కిందే లెక్క. ప్రతి మింట్ తేదీ, ఆనాటి రూపాయి విలువ, లావాదేవీ హాష్ ఒక షీట్‌లో రాసి ఉంచకపోతే జూలైలో రిటర్న్ వేసేటప్పుడు నరకమే.

జీఎస్టీ సంగతి ఇంకా తిరకాసు. సేవల టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. దాటాక, కొన్నది విదేశీయుడే కాబట్టి ఎగుమతి, పన్ను సున్నా అనుకుంటారు. ఎగుమతి అనిపించుకోవాలంటే సొమ్ము విదేశీ మారకద్రవ్యంలో, లేదా ఆర్బీఐ అనుమతించిన చోట రూపాయల్లో, రావాలని చట్టం. ఈథర్ ఆ లెక్కలోకి రాదు. క్రిప్టో కరెన్సీ ఆస్తే అని 2025 అక్టోబర్‌లో మద్రాసు హైకోర్టు చెప్పింది, క్రిప్టో ఎక్స్ఛేంజీలో సొమ్ము చిక్కుకున్నవాళ్లకు అది ఊరట. ఆస్తి అయినంత మాత్రాన కరెన్సీ అయిపోదు.

అందుకే చెన్నైలో కూర్చుని ఈ పని చేసేవాళ్లకు కాగితం ముద్రణని పక్క వ్యాపారంగా పెట్టుకోవడం లాభిస్తుంది. టోకెన్‌తో ముడిపెట్టకుండా యూపీఐలో రూపాయలకు అమ్మే ముద్రణకు పై క్రిప్టో గొడవలు లేవు. కొలతలన్నీ యూనిట్లలో రాసి ఉంటే అదే కోడ్ ఏ3 కాగితానికి 300 డీపీఐలో 4,961 పిక్సెళ్ల పొడవున మార్పు లేకుండా వస్తుంది. పెన్ ప్లాటర్ (పెన్ను పట్టి గీసే యంత్రం) ఉంటే ఇంకా బాగుంటుంది, గీతల్ని దారులుగా దాచే ఎస్‌వీజీ ఫైల్ ఇస్తే అసలు పెన్నుతోనే గీస్తుంది. పల్చటి కాగితమైతే మెలిక మీద మెలిక దాటే చోట సిరా రెండుసార్లు పడి ఉబ్బుతుంది. ఏడు మెలికల ముగ్గైతే పెన్ను ఏడుసార్లు లేచి ఏడుసార్లు దిగుతుంది, దిగిన ప్రతిచోటా ఒక మచ్చ. ఒంటిగీత ముగ్గులో పెన్ను దిగేది ఒక్కసారే, మచ్చ కూడా ఒకటే. దాన్ని కింది అంచున, చుక్క వెనక మొదలయ్యేలా కోడ్‌లో చెప్పొచ్చు.